తోడిపిల్లల నవ్వు

ఈ మాసము పిల్లల యాహారమునుగూర్చి వ్రాయుదుమని వెనుకటి సంచికలో మాట యిచ్చియుంటిమి. దానిని పై నెలకు వాయిదా వేయుచున్నాము. రెండు నెలల క్రిందట మా యింటికి వచ్చిన యొక యిల్లాలు తన బిడ్డనుగూర్చి చెప్పిన సంగతి నాటినుండి మమ్ము విడువకున్నది.

ఆమెది పలమనేరు చెంత నొక పల్లె. పెనిమిటి బెంగుళూరులో పనిచేయుచుండగా బిడ్డ అచ్చటనే రెండేండ్లు చదివి, ఏడవయేట సొంత యూరికి తిరిగివచ్చి బడిలో చేరినది. కొన్ని నెలలకు ఉపాధ్యాయిని తల్లిని పిలిపించి, "మీ పాపకు ఇంగ్లీషు ఒక్క ముక్కయు రాదు, అడిగినను నోరు విప్పదు" అని చెప్పెనట. రెండేండ్లు కట్టిన రుసుమంతయు గంగపాలాయెనని తల్లి యింటికి వచ్చి కసరినది. ఒక దెబ్బయు వేసినది. ఆ సాయంకాలమే పశువుల కొట్టము ప్రక్క ఆ బిడ్డ తన తమ్మునికి పాఠము చెప్పుచుండుట ఆమె చెవిని బడెను. ఒక్క తప్పు లేదు. బడిలో "ఇస్కూలు" అను బిడ్డ యిక్కడ "స్కూల్" అని చక్కగా పలుకుచున్నది. తల్లి దగ్గరకు దీసి యడుగగా, "ఆడ అట్ల చెప్తే అందరూ దొరసాని అని నవ్వుతారమ్మా" అన్నదట.

తెలిసిన మాటను తెలియనట్లు పలుకుటయు నొక చదువే. దానిని ఆ బిడ్డకు తోడిపిల్లలు నేర్పిరి. ఇక తల్లి వేసిన దెబ్బ యెవరికి తగిలినదో మీరే యోచింపుడు.

సత్యవేడు దాపున శ్రీసిటీలో జపానువారి కర్మాగారములు వెలసినది మొదలు ఆ దేశపు పేరు మన ప్రాంతమువారికి వింత గాదు. అచ్చటి బడులలోను ఇట్టి కథయే కలదు. 2011లో వారు 5, 6 తరగతులకు ఆంగ్లమును ఆటపాటలుగా ప్రవేశపెట్టిరి. 2020లో దానిని ఆ తరగతులకు పాఠ్యవిషయముగా జేసి, ఆటపాటలను 3, 4 తరగతులకు దించిరి. మనము "బస్" అను మాటను "బస్సు" చేసికొన్నట్లే వారును పరభాషా పదముల చివర అచ్చు చేర్చి పలుకుదురు. తండ్రి యుద్యోగమువలన పరదేశములలో పెరిగి తిరిగివచ్చిన పిల్లలు కొందరు, చక్కగా పలుకనేర్చియు, తరగతిలో తక్కినవారివలెనే అచ్చు చేర్చి పలుకుదురట. పైకి లేచిన మేకు సుత్తిదెబ్బ తినునని వారిలో సామెత యున్నది. పలమనేరు పాపకు ఆ సామెత నెవరును చెప్పలేదు, తనంతట తెలిసికొన్నది.

పిల్లల యీ భయమును పెద్దలు ఆయుధముగా గైకొన్న నేమగునో కూడ ఆ దేశముననే చూడవచ్చును. దక్షిణమున ఒకినావా దీవులలో 20వ శతాబ్దపు తొలి భాగమున, బడిలో ఇంటి భాష మాటలాడిన బిడ్డ మెడలో కొయ్యపలక వ్రేలాడదీయుచుండిరి. అది మెడనుండి దిగవలెనన్న, ఆ బిడ్డయే ఇంటి మాట పలికిన మరియొక బిడ్డను పట్టియీయవలెను. కొందరు పిల్లలు ప్రక్కవానిని గిల్లియో గుద్దియో వాడు తన భాషలో "అబ్బా" యనునట్లు చేసి పలకను వానికి తగిలించెడివారట! పెద్దలకు కాపలా శ్రమ తప్పినది. 2009లో యునెస్కో ఆ దీవుల భాషలను అంతరించు ప్రమాదమున నున్నవానిగా లెక్కించినది. ఆ 2009లోనే మన కడప జిల్లా మైదుకూరులో నొక బడిలో, తెలుగు మాటలాడినందులకు పిల్లల మెడలో "నేనెన్నడును తెలుగు మాటలాడను" అని ఆంగ్లమున వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరని పత్రికలు ప్రకటించినవి. అక్కడ తెలుగు వచ్చుట తప్పు, ఇక్కడ ఇంగ్లీషు బాగుగా వచ్చుట తప్పు. బిడ్డ యే భాషలో నోరు తెరవవలెనో మాకు తోచుట లేదు.

అట్లని తోడిపిల్లలను దూరముంచరాదు సుమా. కుప్పము వీధులలో చూడుడు: తెలుగింటి బిడ్డ తమిళమును కన్నడమును కలిపి మాటలాడుచు గోలీలాడును. ఎవ్వరు నేర్పిరి? ఆట కావలెను గనుక మాట వచ్చినది. తప్పు పలికిన నవ్వుదురు. కాని ఆట ఆగదు, ఆ నవ్వు అక్కడనే మరచిపోవుదురు. తరగతిలో నలువదిమంది యెదుట ఒక్కనిని నిలిపి ఒప్పజెప్పుమన్నప్పుడు ఆ నవ్వే శూలమగును. మదనపల్లె చెంత ఋషివ్యాలీవారు చుట్టుపట్ల పల్లెలలో నడపు చిన్న బడులలో వేరువేరు తరగతుల పిల్లలు కలిసి కూర్చుండి, ఎవరి మెట్టునకు తగిన చీటిని వారు తీసికొని, నలుగురైదుగురుగా పని చేయుదురు. తమిళనాటి ప్రాథమిక పాఠశాలలును ఈ మార్గము ననుసరించినవి. మీ యూరి బడి యట్టిది కాకపోవచ్చును. అయినను చుట్టములు వచ్చినపుడు బిడ్డను కూటము నడుమ నిలిపి "ఇంగ్లీషులో చెప్పవే" యని, చెప్పిన పిమ్మట మనమే నవ్వుట మానుకొనవచ్చును గదా! మా యింటను ఈ తప్పు జరిగినదని యొప్పుకొనుచున్నాము.

పలమనేరు ఇల్లాలు బడికిపోయి తగవాడలేదు. వీధిలోని నలుగురు పిల్లలను సాయంకాలము అరుగుమీదికి పిలిచి, వేయించిన చెనిక్కాయలు పెట్టి, బడియాట ఆడించినది. అయ్యవారి వేషము వంతులవారిగా. ఈ పాప తన వంతు వచ్చినప్పుడు మొదట "ఇస్కూలు" అనియే పలికినదట. మూడవ వారమున, తొలుత దొరసాని యని పేరుపెట్టిన పిల్లయే "ఆ పాట బెంగుళూరు మాదిరి చెప్పు" అని యడిగినదట. తరగతిలో మాత్రము ఇంకను గొంతు తగ్గించియే చెప్పుచున్నదని మొన్న వచ్చిన జాబులో తల్లి వ్రాసినది.