గీకిన గోడ



పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకోవడం మంచిదా, ఉన్నదాన్నే బాగుచేసుకోవడం మంచిదా అని కిందటి నెల ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగారు. సలహా చెప్పేంతదాన్ని కాను గాని, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మావారిది భీమునిపట్నం. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. వీధి చివరకు వెళితే సముద్రం. మా మామయ్యగారి తండ్రి కట్టించిన ఇల్లు. సున్నపు గోడలు, టేకు దూలాలు, పైన పెంకు. మావారు విశాఖ స్టీలు ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ మేము ఉక్కునగరం క్వార్టర్లోనే ఉన్నాము. ఆ ఇంట్లో అత్తయ్యగారూ, చెదపురుగులూ ఉండేవారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. దారుల నిండా చెట్లు పడిపోయాయి. మావారు మూడో రోజుకు గాని భీమిలి చేరలేకపోయారు. పైన సగం పెంకు లేదు. అత్తయ్యగారు మాత్రం బియ్యం డబ్బా పక్కన పెట్టుకుని మంచం కింద కూర్చున్నారట. ఆ కంగారులో దొరికిన మేస్త్రిని పెట్టి పెంకు నేయించి, గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించేశాము. అద్దంలా ఉందని మేమే మెచ్చుకున్నాము.

మూడు వర్షాకాలాలు గడిచేసరికి గోడ ఉబ్బింది. తెల్లగా ఉప్పు తేలింది. చేత్తో తడితే డొల్లగా మోగేది. ఒకరోజు పళ్ళెమంత పెచ్చు అత్తయ్యగారి దిండు పక్కన పడింది.

అప్పటికి మావారు రిటైరయ్యారు. చేతిలో ప్రావిడెంటు ఫండు డబ్బుంది. పడగొట్టి స్లాబు వేద్దామన్నారు. 1992లో ప్లాంటును జాతికి అంకితం చేసిన రోజు నుంచి ఆయన చూసింది ఇనుమే. "నా చేతుల మీదుగా లారీలకెక్కిన చువ్వ నా ఇంట్లో లేకపోతే ఎలా?" అనేవారు. అత్తయ్యగారు లేవీయకాండము 14వ అధ్యాయం తీసి కళ్ళజోడు పెట్టుకున్నారు. గోడకు పొడ పట్టిన ఇంటి సంగతి అందులో ఉంది. "ముందు రాళ్ళు తీసి, గోడ గీకి, కొత్త అడుసు పూయమన్నాడురా. పడగొట్టమన్నది ఆఖర్న" అన్నారు. ఎనభై నాలుగేళ్ళ తల్లితో వాదించడం ఆయనకు చేతకాలేదు.

ఈసారి డెబ్బై దాటిన ముసలి మేస్త్రి దొరికాడు. గోడ మీద చెయ్యి పెట్టి, "ఊపిరాడ్డం లేదమ్మా దీనికి" అన్నాడు. సున్నపు గోడ వానకు తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. గోడలోకి దూరిన దూలాల కొసలు కూడా అందుకే పుచ్చిపోయాయి. ఫ్రాన్సు పల్లెల్లో పాత రాతి ఇళ్ళు బాగుచేసుకునేవారు కూడా సిమెంటు పూత ఊడదీసి సున్నమే పూస్తారని తరువాత చదివాను. అంతదూరం ఎందుకు, మా భీమిలిలోనే డచ్చివారి సమాధులు మూడు వందల ఏళ్ళు దాటి నిలబడలేదూ!

అద్దెకు వెళ్ళే స్తోమత లేదు. ఇంట్లోనే ఉంటూ ఒక్కొక్క గదే చేయించాము. వసారాలో పొయ్యి. అన్నంలో సున్నం, పక్కలో సున్నం, నా జుట్టు నిండా సున్నం. సిమెంటు గీకేసి, గోడను వేసవంతా ఊరికే ఆరనివ్వమన్నాడు మేస్త్రి. నాకు అదే కష్టమనిపించింది. ఎవరైనా చుట్టాలొస్తే గోడ చూసి జాలిపడేవారు.

పెరట్లో గొయ్యి తీసి రాతిసున్నం నానబెట్టాము. నీళ్ళు తగలగానే సలసల కాగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ ఛాయలకు రానివ్వకండి, కంట్లో పడితే చూపు పోతుంది. నానిన సున్నాన్ని నీళ్ళ కింద నెలరోజులు ఉంచి, కడిగిన ఏటి ఇసుక కలిపి, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి రుబ్బించాడు. సముద్రపు ఇసుక ఎంత దగ్గరున్నా ముట్టనివ్వలేదు, అందులో ఉప్పుంటుందని. పల్చగా పూత మీద పూత వేసి, తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనిచ్చాడు. కూలి ఎక్కువే అయింది. దూలాల పుచ్చిన కొసలు కోసి అతుకు వేసిన వడ్రంగి కూలితో కలిపితే, మేము అనుకున్న దానికి దాదాపు రెట్టింపు.

మావారి మాట కూడా పోలేదు. అత్తయ్యగారు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళనక్కరలేకుండా ఇంటికి ఆనించి బాత్‌రూము కట్టి, దానికి స్లాబు వేశాము. ఉప్పుగాలికి చువ్వ తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది కనుక, చువ్వ చుట్టూ ఎంత మందం ఉండాలో ఆయనే దగ్గర కూర్చుని కొలిపించారు.

ఇక ఒక్క గది మిగిలింది, అత్తయ్యగారిది. ఆ గోడ మీద మామయ్యగారు పిల్లలు పుట్టిన తేదీలు పెన్సిలుతో రాసి ఉంచారు, బతకని ఇద్దరివి కూడా. సిమెంటు పూసిన మేస్త్రిని ఆవిడ ఆ మూలకు రానివ్వలేదట, మాకు తెలియనే లేదు. ఈ మేస్త్రి చూసి, జానెడు చోటు సుద్దతో గీత గీశాడు. "దీని జోలికి వెళ్ళను మామ్మగారూ, చుట్టూ పూస్తాను" అన్నాడు. ఆవిడ ఒప్పుకున్నారు. ఎండలు రాగానే మంచం వసారాలోకి మారుస్తాము.