దగ్గు మందు సీసా కన్నా గడియారం మేలు

వర్షాలు మొదలైన నాటి నుండి సంక్రాంతి వెళ్లే వరకు పసిపిల్లలున్న ఇంటికి దగ్గు మొండి చుట్టం వంటిది. ఒకసారి వచ్చిందంటే ఒక పట్టాన కదలదు. "పది రోజులైంది, రెండు సీసాలు అయిపోయాయి, ఇంకా తగ్గలేదు డాక్టరు గారూ" అన్న మాట ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్ని వేల సార్లు విన్నానో లెక్క లేదు. పదవీ విరమణ తరువాత ఆ మాట ఫోనులో వినబడుతోంది, అంతే తేడా. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో దగ్గు మందు సీసా ఉండనక్కరలేదని నా అభిప్రాయం. ఇది కొందరికి మొండివాదంగా తోచవచ్చు. నా కారణాలు విన్న తరువాత మీరే నిర్ణయించుకోండి.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఇరవై మందికి పైగా పిల్లలు మరణించిన సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. వారిలో ఎక్కువ మంది అయిదేళ్ల లోపు వారే. వారికి మొదట వచ్చినది మామూలు దగ్గు, జలుబు, జ్వరం. తాగించినది కాంచీపురం జిల్లాలో తయారైన ఒక సిరప్పు. తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షలో అందులో 48.6 శాతం డైఈథిలిన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. సిరప్పులో ఔషధాన్ని కరిగించి ఉంచడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రవాలను వాడతారు. డైఈథిలిన్ గ్లైకాల్ చూడడానికి వాటిలాగే ఉంటుంది, తియ్యగా ఉంటుంది, పైగా చవక. పరిశ్రమల్లో వాడవలసిన ఆ ద్రవం కడుపులోకి వెళితే మూత్రపిండాలను పాడుచేస్తుంది. ముందు వాంతులు, కడుపునొప్పి. తరువాత మూత్రం తగ్గిపోవడం, పూర్తిగా ఆగిపోవడం. జ్వరం తగ్గుతోంది కదా అని తల్లి ఊపిరి పీల్చుకునే సమయానికి బిడ్డ మూత్రపిండాలు పని మానేస్తాయి.

ఇది కొత్త విషం కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే ఔషధాన్ని ఇదే ద్రవంలో కరిగించి అమ్మగా వంద మందికి పైగా చనిపోయారు. మరుసటి సంవత్సరమే అక్కడ మందుల చట్టాన్ని తిరగరాశారు. 2022లో గాంబియా దేశంలో పసిపిల్లల మరణాల నేపథ్యంలో మన దేశంలో తయారైన నాలుగు సిరప్పుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. 1937లోనే తెలిసిన విషం నేటికీ పిల్లల గొంతులోకి వెళుతోందంటే, దానిని కేవలం ఒక కంపెనీ నేరంగా చూసి వదిలివేయలేము. ముడిసరుకును వాడేముందు పరీక్షించవలసిన వారు పరీక్షించలేదు. పరీక్షించారో లేదో చూడవలసిన వారు చూడలేదు.

అయితే నా అభ్యంతరం విషం దగ్గర ఆగదు. సిరప్పు స్వచ్ఛంగా తయారైనదే అనుకుందాం. అప్పుడైనా అది చేసే మేలు ఏమిటి? పసిపిల్లల్లో జలుబు దగ్గును అది చెప్పుకోదగినంతగా తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. మత్తు మాత్రం ఇస్తుంది. బిడ్డ ఆ రాత్రి నిద్రపోతే మందు పనిచేసిందని మనం అనుకుంటాం. కఫాన్ని బయటకు నెట్టడానికి శరీరం ఏర్పాటు చేసుకున్న ఉపాయం దగ్గు. దాన్ని అణచివేసి ఊపిరితిత్తులకు చేసే ఉపకారం ఏమీ లేదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. రెండేళ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయనే రాయవద్దనీ, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదనీ 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ మళ్లీ చెప్పింది. ఇన్ని చెప్పినా మన ఊళ్లలో ఏ మందుల దుకాణానికి వెళ్లి "పాపకు దగ్గు" అని రెండు మాటలు అంటే చాలు, బల్ల మీదకు సీసా వస్తుంది. వయసెంత అని కూడా అడగరు.

మరి బిడ్డ దగ్గుతూ ఉంటే చూస్తూ కూర్చోవాలా? కూర్చోవాలి, కాని సరైనదాన్ని చూస్తూ. వైరస్ వల్ల వచ్చే జలుబులో జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో దిగుతుంది. దగ్గు మాత్రం రెండు, ఒక్కొక్కసారి మూడు వారాలు కొనసాగుతుంది. అంగన్‌వాడీకో, బడికో కొత్తగా వెళ్లే బిడ్డకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు రావడం వింత కాదు. ఒకటి పూర్తిగా తగ్గక ముందే మరొకటి అంటుకుంటే "నెల రోజులుగా దగ్గే" అని అనిపిస్తుంది. మధ్యలో నాలుగు రోజులైనా బిడ్డ హాయిగా ఆడుకుందా, తిందా అన్నది గుర్తు తెచ్చుకోండి. ఆ సమాధానం వైద్యుడికి చాలా ఉపయోగపడుతుంది.

చూడవలసిన వాటిలో మొదటిది ఊపిరి. దీనికి సెకండ్ల ముల్లు ఉన్న గడియారం చాలు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ఒడిలో ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టవద్దు. రెండు నెలల లోపు శిశువుకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకు మించితే, ఏడాది నుండి అయిదేళ్ల లోపు వారికి 40 లేదా అంతకు మించితే అది న్యుమోనియా కావచ్చు. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా చూడండి. మన పల్లెల్లో నాయనమ్మలు "డొక్కలెగరేస్తున్నాడు" అని చెప్పేది దీన్నే. స్టెతస్కోపు మెడలో లేని ఆ ముసలమ్మల పరిశీలనను నేను ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, పెదవులు నీలంగా మారినా, ఇక లెక్కలు ఆపి ఆసుపత్రికి బయలుదేరాలి. మూడు నెలల లోపు శిశువుకు జ్వరం వస్తే ఈ లక్షణాలేవీ లేకపోయినా అదే రోజు వైద్యుడికి చూపాలి. పెద్ద పిల్లలకు మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోతే చూపించండి.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటి చాలు. దాన్ని బిడ్డ వయసును బట్టి కాక బరువును బట్టి ఇవ్వాలి: కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సిరప్పు ఒకటి, అదే కొలతకు 250 ఉన్నది మరొకటి, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉన్న చుక్కల మందు ఇంకొకటి బజారులో దొరుకుతాయి. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలంటే మొదటి దానిలో సుమారు 6 మిల్లీలీటర్లు, రెండవ దానిలో 3, చుక్కల మందులో ఒకటిన్నర మాత్రమే. సిరప్పు కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతల మోతాదు కాలేయం మీద పడుతుంది. సీసా మారినప్పుడల్లా అక్షరాలు చదవండి. చదువు రాకపోతే దుకాణదారు చేత చదివించుకోండి. వాన కాలంలో డెంగీ అనుమానం ఉన్న చోట ఇబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ జోలికి పోవద్దు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడరాదని 2011లోనే ప్రభుత్వం నిషేధించింది.

ఇక నిజంగా దీర్ఘంగా సాగే దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గు, వదలని జ్వరం, బరువు తగ్గడం లేదా పెరగకపోవడం, ఈ మూడింటిలో ఏది ఉన్నా నా మనసు ముందు క్షయ వైపు పోతుంది. చాలా కుటుంబాలు ఆ పేరు వినగానే "మా ఇంట్లో అలాంటివి లేవండీ" అంటాయి. నేను మరొక ప్రశ్న వేసేవాణ్ణి: "ఈ బిడ్డను ఎత్తుకునే వాళ్లలో ఎవరైనా చాలాకాలంగా దగ్గుతున్నారా?" అప్పుడు బయటపడతారు తాతగారో, బాబాయో, పక్కింటి అవ్వో. పసిపిల్లలు కఫం ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే వారిలో క్షయ నిర్ధారణకు పొట్టలోని ద్రవాన్ని గొట్టంతో తీసి పరీక్షించవలసి వస్తుంది. దానికి తల్లిదండ్రులు జంకుతారు. జంకవద్దు. పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మెదడుకు పాకే తీవ్రమైన క్షయ నుండి చాలావరకు కాపాడుతుంది గాని, ఊపిరితిత్తుల క్షయ రాదని హామీ ఇవ్వదు. ఇంట్లో పెద్దవారికి క్షయ అని తేలితే, జబ్బు లేని అయిదేళ్ల లోపు బిడ్డకు కూడా ముందు జాగ్రత్త మందు ఇస్తారు. అడిగి తీసుకోండి.

రెండవది, పిల్లలు మింగబోయి ఊపిరి గొట్టంలోకి పీల్చుకున్న గింజ. వేరుశెనగ పలుకు, సీతాఫలం గింజ, చింతపిక్క, ఒక్కొక్కసారి బొమ్మలోని చిన్న ప్లాస్టిక్కు ముక్క. ఒక జిల్లా ఆసుపత్రిలో నేను పనిచేస్తున్నప్పుడు రెండున్నరేళ్ల పిల్లవాణ్ణి ఆరు వారాల దగ్గుతో తీసుకువచ్చారు. అప్పటికే మూడు రకాల యాంటీబయాటిక్కులు అయ్యాయి. కుడి వైపు గాలి సరిగా ఆడడం లేదు. మొదటి రోజు ఏమి జరిగిందని గుచ్చి అడిగితే, ఆ పిల్లవాడి అక్క, ఏడేళ్లది, చెప్పింది: తమ్ముడు పల్లీలు తింటూ పరిగెత్తాడనీ, పొరబోయి కళ్లు తేలేశాడనీ, కొడతారని ఎవరికీ చెప్పలేదనీ. పెద్దాసుపత్రిలో గొట్టం వేసి సగం పలుకు తీశారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు విడిగా ఇవ్వకండి. దంచి పెట్టండి, ఉండ చేసి పెట్టండి.

పిల్లికూతలతో, తెల్లవారుజామున ఎక్కువయ్యే దగ్గు ఉబ్బసం కావచ్చు. ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఒక లెక్క చూడండి. సాల్బుటమాల్ సిరప్పు 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలరు ఒక్క నొక్కులో ఉండేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక చెంచా సిరప్పు ఇరవై నొక్కులతో సమానం. అందులో ఎక్కువ భాగం గుండెదడకు, చేతుల వణుకుకు పోతుంది. ఏది బలమైన మందో మీరే చెప్పండి. ఇక ఆగకుండా దగ్గి దగ్గి, చివర కూత పెట్టి వాంతి చేసుకుంటే కోరింత దగ్గును అనుమానించాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు వాయిదా వేసిన ఇళ్లలో అది ఇప్పటికీ కనబడుతుంది.

ఇంటి వైద్యం పట్ల నాకు వ్యతిరేకత లేదు. ఏడాది నిండిన బిడ్డకు పడుకోబోయే ముందు అర చెంచా తేనె గొంతుకు హాయినిస్తుంది. ఏడాది లోపు వారికి తేనె వద్దు. తల్లిపాలు, గోరువెచ్చని నీళ్లు, పలుచని జావ మంచివి. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు వేయండి. ముక్కులో నూనె చుక్కలు మాత్రం వేయకండి; ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. కర్పూరం నూరి నాకించడం వల్ల ఫిట్స్ వస్తాయి. పొట్ట మీద వాతలు పెట్టిన పిల్లలను నేను చూశాను. దాని గురించి ఎక్కువ రాయడానికి చేయి రావడం లేదు. అసలు ముందు పొగ మానాలి. తలుపులు వేసి దోమల చుట్ట వెలిగించి, పక్కనే తాతగారు బీడీ కాలుస్తూ ఉంటే, ఏ వైద్యుడి మందూ ఆ గదిలో పనిచేయదు.

వైద్య సోదరులకు ఒక మాట. చీటీ మీద మందులేవీ రాయకపోతే తల్లి అసంతృప్తితో వెళుతుందని మనకు భయం. ఆ భయంతోనే సిరప్పు, దానితో ఒక యాంటీబయాటిక్కు, కొన్ని చోట్ల మాట మాత్రం చెప్పకుండా ఒక స్టెరాయిడు చేరుతున్నాయి. రెండు నిమిషాలు వెచ్చించి ఊపిరి లెక్కపెట్టడం నేర్పితే ఆ తల్లి మళ్లీ మన దగ్గరకే వస్తుంది. ప్రభుత్వాలకు కూడా చెప్పవలసినది ఉంది. పిల్లలు చనిపోయిన తరువాత ఫలానా బ్యాచ్ నంబరు వాడవద్దని ప్రకటించడం నియంత్రణ అనిపించుకోదు. సీసా కర్మాగారం గడప దాటక ముందే ఆ పరీక్ష జరగాలి. ఫలితం ప్రజలకు తెలియాలి. చీటీ లేకుండా పసిపిల్లలకు దగ్గు మందు అమ్మిన దుకాణం మీద చర్య ఉండాలి.

మీరు మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు. ఇప్పుడే లేచి మీ మందుల అర చూడండి. నిరుడు సగం వాడి దాచిన సీసా అక్కడ ఉంటుంది. అన్నకు రాసిన దానిని చెల్లికి పోయకుండా తీసేయండి. ఈ మధ్యనే ఏదైనా సిరప్పు తాగించి ఉంటే, బిడ్డ మూత్రం ఎప్పటిలా పోస్తోందో లేదో గమనించండి. తగ్గినట్లనిపిస్తే ఆ సీసాను పారవేయకుండా మీతో పాటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.