నా ఓటు మారుతి 800కే

మా మెకానికల్ బ్రాంచ్‌లో ఎప్పటికీ తెగని పేచీ ఒకటుంది: మారుతి 800 గొప్పదా, జెన్ గొప్పదా? రెండూ ఒకే కంపెనీవి, రెండూ మనం పుట్టకముందే వచ్చినవి. అయినా మావాళ్లు వదలరు.

కాగితం మీద జెన్‌దే గెలుపు. 800కి మూడు సిలిండర్లు, 796 సీసీ, సుమారు 37 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. 1993లో వచ్చిన జెన్‌కి నాలుగు సిలిండర్లు, 993 సీసీ అల్యూమినియం ఇంజన్, 50 హార్స్‌పవర్, ఐదు గేర్లు. ఇక్కడ తయారైన జెన్ యూరప్‌లో సుజుకీ ఆల్టో పేరుతో అమ్ముడైంది. విజయవాడ హైవే ఎక్కాలంటే నేనూ జెన్ తాళాలే అడుగుతా.

కానీ సాయంత్రం ఆరున్నరకి లక్డీకాపూల్‌లో నిలబడి చూడండి. మాసబ్‌ట్యాంక్ నుంచి వచ్చేవి, అసెంబ్లీ వైపు పోయేవి, నిలోఫర్‌కి వెళ్లాల్సిన అంబులెన్సులు, అన్నీ ఒక్కచోటే ఇరుక్కుంటాయి. అక్కడ ఏ బండైనా మొదటి రెండు గేర్లు దాటదు. జెన్ ఐదో గేరు ఉత్త అలంకారం. 3.3 మీటర్ల 800 మాత్రం దొరికిన సందులో దూరిపోతుంది.

అసలు సంగతి ధర. 1983 డిసెంబర్‌లో 800 వచ్చినప్పుడు 50 వేలకు కాస్త అటూ ఇటూ ఉండేది. అప్పటిదాకా కారంటే ఎక్కువగా అంబాసిడర్, ఫియట్. స్కూటర్ మీద నలుగురు సర్దుకుని వెళ్లే ఇళ్లకి కూడా కారు ఆశ కలిగింది 800తోనే. జెన్ 2006లో ఆగిపోయింది. దానికంటే పదేళ్లు పెద్దదైన 800 మాత్రం 2014 దాకా తయారైంది. చవకైన బండి, ఏ మూల మెకానిక్‌కైనా చేయి తిరిగిన బండి. అందుకే అన్నేళ్లు నిలిచింది.

అలాగని గుడి కట్టమనను. ఎయిర్‌బ్యాగుల ఊసే లేదు దానికి. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలొచ్చాక హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆగింది. ఆగాల్సిందే. ఆ పొగ పీల్చేది లక్డీకాపూల్ బస్టాపులో నిల్చున్నవాళ్లే కదా!

నా గోల ఒక్కటే. మన ప్రాజెక్ట్ రివ్యూల్లో పవరెంత, ఎఫిషియెన్సీ ఎంత అని అడుగుతారు. ఎవరు కొనగలరు, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నల్లో 800 పాస్. మన ప్రాజెక్టుల్లో ఎన్ని పాసవుతాయో మీరే చెప్పండి.