టైరు కింద దారి

రాయ్‌పూర్ నగరం రెండు పెద్ద దారుల కూడలి. సూరత్ వైపు నుండి పారదీప్ రేవుకు సాగే 53వ నెంబరు జాతీయ రహదారి ఈ ఊరిమీదుగా పోతున్నది. జగదల్‌పూర్, కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ చెంతకు చేరే 30వ నెంబరు రహదారి కూడా దీనిని తాకుతున్నది. భిలాయి ఉక్కు, సిమెంటు, బొగ్గు మోసే లారీలకు ఇక్కడ రాత్రింబవళ్లు విరామం లేదు.

ఇంత బరువునూ నేలకు అప్పగించేది టైరు అడుగున ఉండే కొద్దిపాటి జాగా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంగా తీసుకొన్న ఇరుసు బరువు 80 కిలోన్యూటన్లు, అనగా సుమారు 8 టన్నులు. నాలుగు టైర్లకు పంచగా ఒక్కొక్కటి రెండు టన్నులను టిఫిను పళ్లెమంత చోట మోపుతుంది.

ఆ పళ్లెం కింద జరిగేది కంటికి కనబడదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో రూపొందిన 'ఐఐటీపేవ్' అనే కంప్యూటరు ప్రోగ్రాము దానిని లెక్కగడుతుంది. తారు పొర అడుగుభాగం ఎంత సాగినదో, అట్టడుగు మట్టి ఎంత అణగినదో చెబుతుంది. మొదటిది మితిమీరితే బీటలు, రెండవది మితిమీరితే చక్రాల జాడలో గాళ్లు. మన తారురోడ్ల మందం ప్రధానంగా ఈ రెండంకెలపైననే ఆధారపడి ఉన్నది.

అయితే ఈ ప్రోగ్రాము టైరు ముద్రను గుండ్రని వలయమని, వత్తిడి అంతటా సమానమని భావిస్తుంది. నిజమైన టైరు అంత బుద్ధిమంతురాలు కాదు! 1990 దశకంలో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఉక్కు పిన్నులు పొదిగిన పట్టీపై చక్రాలను దొర్లించి కొలిచారు. బరువు మితిమీరినకొద్దీ వత్తిడి నడిమి నుండి అంచులకు జరిగింది. టైరునూ రోడ్డునూ వేలకొలది ముక్కలుగా విభజించి గణించే నేటి పద్ధతులు ఈ తేడాను పట్టుకొనగలవు; పైనుండి కిందికి దిగే బీటల గుట్టు వాటివలన కొంత తెలియవచ్చింది. వేసవిలో రాయ్‌పూర్ ఎండకు తారు మెత్తబడినప్పుడు గాళ్లు మరింత త్వరగా పడుతవి.

బరువుకూ నష్టానికీ గల సంబంధం మాత్రం పాతదే. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సైనికులచే లారీలు నడిపించి చేసిన పరీక్షలో, నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగవ ఘాతంగా పెరుగుతుందని తేలింది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసుపై హద్దును 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచారు. ట్రిప్పులు తగ్గి, డీజిలు ఆదా అగునన్న మాట కాదనలేము. కాని అదే లెక్క ప్రకారం నిండు బరువుతో పోయే ఒక్కొక్క ఇరుసు చేసే నష్టం 60 శాతం పెరిగినది. ట్రిప్పులు ఎనిమిదవ వంతు తగ్గినా 40 శాతం మిగులుతున్నది.

కంప్యూటరు మనం చెప్పిన బరువునే నమ్ముతుంది. 10 టన్నులని రాసుకొన్న దారిపై లారీలన్నీ 15 టన్నుల ఇరుసుతో పోతే, ఇరవై ఏండ్లకని వేసిన రోడ్డు నాలుగేండ్లు నిలుచుటే కష్టం. రాయ్‌పూర్ నుండి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల కొత్త రహదారికి లెక్కలు కట్టిన ఇంజనీర్లకు ఇది తెలియనిది కాదు. తూకపు కాటా వద్ద లారీని ఆపి, అదనపు సరుకు దింపించే అధికారం వారి చేతిలో లేదు.