కదలాల్సింది పేర్లా, లెక్కా?

ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక జాబితా ఇచ్చి, ఇన్ని స్థానాలు ఎడమకు తిప్పమంటారు. ముందున్నవి వెళ్లి వరసగా చివర చేరాలన్నమాట.

మనకు బాగా తెలిసిన జాబితానే తీసుకుందాం. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తెలుగు సంవత్సరాలు. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు మొదట ఉండేలా దీన్ని తిప్పాలి. విశ్వావసు 39వ పేరు కాబట్టి 38 స్థానాలు తిప్పాలి. చాలామందికి ముందు తట్టేది లూపే. మొదటి పేరు పక్కన పెట్టు, మిగతావి ఒక్కో గడి ముందుకు జరుపు, పక్కన పెట్టింది చివర్లో వెయ్యి. ఇలా 38 సార్లు. జవాబు కరెక్టే, కానీ అందుకు గడుల్లో 2280 సార్లు రాయాలి!

ఇప్పుడు గడులను సున్నా నుంచి లెక్కపెట్టండి. కొత్త జాబితాలో ఒక గడికి ఏ పేరు రావాలి? గడి నంబరుకు 38 కలిపి, 60తో భాగించి, శేషం చూడండి. సున్నాకి 38, అంటే విశ్వావసు. 21కి 59, అంటే అక్షయ. 22కి మొత్తం 60, శేషం సున్నా, మళ్లీ ప్రభవ. అరవై పేర్లకు అరవై లెక్కలు, అంతే.

కెనెత్ ఐవర్సన్ 1962లో పుస్తకంగా తెచ్చిన ఏపీఎల్ లాంటి అరే భాషల్లో లూప్ రాయక్కర్లేదు. 0 నుంచి 59 వరకు అంకెలన్నిటికీ ఒకేసారి 38 కలుపుతాం, ఒకేసారి శేషం తీస్తాం, ఆ గడుల్లోని పేర్లన్నీ ఒకేసారి తెచ్చుకుంటాం. తిప్పడానికైతే ఏపీఎల్‌లో విడిగా ఒక గుర్తే ఉంది: సున్నా మీద నిలువు గీత. పైథాన్ వాళ్లకు నంపైలో రోల్ ఉంది. కాకపోతే అది కుడికి తిప్పుతుంది, ఎడమకు కావాలంటే మైనస్ 38 ఇవ్వాలి.

అసలు చిక్కు ఆ మైనస్‌తోనే. ప్రభవ 1987లో వచ్చింది. మరి 1947 ఏ సంవత్సరం? 40 ఏళ్లు వెనక్కి, అంటే మైనస్ 40. దాన్ని 60తో భాగిస్తే శేషం ఎంతంటే ఏపీఎల్, పైథాన్ 20 అంటాయి. ఆ గడిలో ఉన్నది సర్వజిత్తు, సరిగ్గా అదే. సి, జావా మాత్రం మైనస్ 40 అనే అంటాయి. అలాంటి గడి లేదు కదా! జావా అయితే అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. సి అలా ఆగుతుందన్న గ్యారంటీ లేదు. జాబితా బయట మెమరీలో ఉన్నదేదో తెచ్చి, అదే జవాబని చేతిలో పెట్టొచ్చు. విరుగుడు చిన్నదే: వచ్చిన శేషానికి 60 కలిపి, మళ్లీ 60తో శేషం తీయడం.

ఇంకో మాట. తిప్పిన జాబితాను చదవడమే మన పనైతే కొత్త జాబితా కూడా అక్కర్లేదు. పేర్లు ఉన్నచోటే ఉంటాయి, 38 అన్న ఒక్క అంకె గుర్తుంటే చాలు. రేపు ఎవరైనా జాబితా తిప్పమంటే ముందు ఇది అడగండి: నిజంగా కదపాలా, ఎక్కడ మొదలో చెబితే సరిపోతుందా?