పొగాకు చట్టం ఎవరి గుమ్మం వద్ద ఆగుతున్నది?

మీర్‌పేట్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు సాగే దారిలో పాఠశాలలకు కొదవ లేదు; పాన్ డబ్బాలకూ కొదవ లేదు. విద్యాసంస్థలకు నూరు గజాల లోపల పొగాకు విక్రయించరాదని, 18 ఏళ్లు నిండనివారికి అసలే అమ్మరాదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం శాసిస్తున్నది. ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా మాత్రం 200 రూపాయలే!

ప్యాకెట్టుపై 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక 2016 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయింది. కాని విడిగా ఒక్క సిగరెట్టు కొనే కుర్రవాడికి ఆ హెచ్చరిక కనిపించదు. ఆహార పదార్థాలలో పొగాకు, నికోటిన్ కలపడాన్ని 2011 నాటి నిబంధనలే నిషేధించాయి. మన రాష్ట్రం 2024 మే 24 నుండి గుట్కా నిషేధాన్ని మరో ఏడాది పొడిగించింది. అయినా పాన్ మసాలా ఒక పొట్లంలో, జర్దా మరొక పొట్లంలో అమ్మి, అరచేతిలో కలుపుకొమ్మనే ఉపాయం ఆ వ్యాపారానికి కొత్త కాదు.

ఈ చట్టాలు కఠినంగా అమలు కావాలనే మేము కోరుతున్నాము. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధులలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణ పేర్కొన్నది. "పాన్ డబ్బా పేద ముస్లిం జీవనాధారం, దాని జోలికి పోవద్దు" అనేవారున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించలేము. అమ్మేవాడు మనవాడైతే, కొని నోటి క్యాన్సర్‌తో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి మెట్లెక్కేవాడూ మనవాడే. సంపాదించే చెయ్యి పడిపోతే ఆ ఇంటి పిల్లల చదువే ముందుగా ఆగిపోతుంది.

అయితే చట్టం డబ్బా గుమ్మం వద్దనే ఆగిపోరాదు. పట్టుబడిన ప్రతి పొట్లం ఏ గోదాము నుండి, ఏ కర్మాగారం నుండి వచ్చిందో విచారించి కేసు అక్కడిదాకా నడపాలి. పొగాకు మానుకునే చిరువ్యాపారికి మైనారిటీల ఆర్థిక సంస్థ ద్వారా రుణం, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద స్థలం కల్పించాలి. శిక్షతో పాటు దారి కూడా చూపడమే న్యాయం.

ఇక మన వంతు. మసీదులకు, వక్ఫ్ ఆస్తులకు చెందిన మల్గీలను అద్దెకిచ్చేటప్పుడు పొగాకు అమ్మరాదన్న షరతును ఒప్పందంలో చేర్చడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. కమిటీల తీర్మానం చాలు. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన గుమ్మాన్ని మనం చక్కదిద్దుకుందాం. అప్పుడే మన ప్రశ్నకు బలం.