ఆ ముడి పిల్లల్నే వేయనివ్వండి

పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు: "మేడమ్, మావాడి బ్యాగు నిండా తాళ్లు, పూసలే కనిపిస్తున్నాయి. వీటికి కూడా మార్కులున్నాయా?" ఆయన కోపంగా అడగలేదు. కష్టపడి ఫీజు కట్టే ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే అది. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉండటంతో ఆరోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మార్కులు లేవు. ఏడో తరగతి పిల్లలకు వారానికి ఒక్క యాక్టివిటీ పీరియడ్‌లో మాక్రమే నేర్పుతున్నాం. సూదీ, కుట్టుమిషనూ లేకుండా, దారాన్ని చేత్తో ముడులు వేస్తూ అల్లే పని ఇది. ఈ టర్మ్‌లో కెల్టిక్ అలంకారం ఉన్న బ్రేస్‌లెట్ తీసుకున్నాం.

కెల్టిక్ అల్లికలు ఐర్లాండ్, స్కాట్లాండ్ ప్రాంతాల పాత కళ. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు చేత్తో రాసిన 'బుక్ ఆఫ్ కెల్స్' గ్రంథంలో ఇవి పేజీ పేజీకీ కనిపిస్తాయి. ఆ గ్రంథం ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. అప్పట్లో వాటిని చర్మపు పుటల మీద గీసేవారు, రాతి శిలువల మీద చెక్కేవారు. వాటినే ఈ కాలంలో దారంతో నగలుగా అల్లుతున్నారు. మేం నేర్పిన ముడి పేరు జోసెఫీన్ ముడి. ఓడల్లో పనిచేసేవాళ్లు రెండు తాళ్లను కలపడానికి వేసే 'క్యారిక్ బెండ్' కూడా ఇదే అల్లిక. కాబట్టి "మగపిల్లలకు నగల పనెందుకు?" అని అడిగినవారికి నా జవాబు ఒక్కటే. ఆ పుస్తకం రాసింది సన్యాసులు, ఆ ముడి వేసింది నావికులు.

ముడి నియమం చాలా చిన్నది. దారం ఒకచోట పైనుంచి దాటితే, తర్వాతి చోట కిందనుంచి దాటాలి. మొత్తం 8 చోట్ల దారాలు ఒకదాన్నొకటి దాటుతాయి. ఒక్కచోట తప్పినా అల్లిక వరస చెడుతుంది, బిగించేటప్పుడు ఆకారం సరిగ్గా నిలవదు.

ఇంగ్లిష్ టీచర్‌గా నా స్వార్థం కూడా ఇందులో ఉంది. 'ఓవర్', 'అండర్', 'త్రూ' అనే మాటల్ని ఖాళీలు పూరించమంటే మన పిల్లలు తప్పు లేకుండా పూరిస్తారు. అవే మాటలతో ఒక పని ఎలా చేయాలో చెప్పమంటే తడబడతారు. తెలుగులో 'దారం కింద' అంటాం, 'కింద' వెనక వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట ముందు రావాలి. అందుకే ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టాం. ఒకరు ఇంగ్లిష్‌లో చెప్పాలి, రెండోవారు వెనక్కి తిరక్కుండా విని వేయాలి. 'ఓవర్' అనాల్సిన చోట 'అండర్' అంటే ముడి పడదు. నేను ఎర్ర పెన్ను తీయాల్సిన పని లేదు. ఎక్కడ తప్పు చెప్పారో వాళ్లే వెతుక్కుంటారు.

లెక్కల సంగతీ ఉంది. ఒక పాప గీసిన డిజైన్ చూసి వాళ్ల అమ్మమ్మ "ఇది మన మెలికల ముగ్గే కదే" అన్నారట. ఆ రెండు కళలూ ఒకచోట పుట్టినవి కావు, కానీ ఆమె కన్ను తప్పు చూడలేదు. చుక్కల్ని వరసల్లో పెట్టి, ఎక్కడా తెంపకుండా ప్రతి చుక్క చుట్టూ గీత ఏటవాలుగా తిరిగేలా అల్లండి. 3 వరసలు, వరసకు 4 చుక్కలు పెడితే ఒక్క గీతే అంతా తిరిగి మొదటికి వస్తుంది. 4 వరసలు, వరసకు 6 చుక్కలైతే రెండు వేర్వేరు గీతలు కావాలి. ఎన్ని గీతలు కావాలన్నది ఆ రెండు అంకెల గ.సా.భా. చెబుతుంది. అలాంటి చదరపు కెల్టిక్ అల్లికకు ఎన్ని దారాలు కావాలో చెప్పేదీ అదే లెక్క. గ.సా.భా. ఎందుకు నేర్చుకోవాలి అని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బడిలో ముడులకు చోటివ్వడం మేం కనిపెట్టిందీ కాదు. ఇటలీలోని టూరిన్‌లో వాలెంటీనా కవాండోలి అనే ఉపాధ్యాయురాలు పిల్లలతో మాక్రమే చేయించారు. రెండు రంగుల దారాలతో బొమ్మలు తేలేలా అల్లే ఆ పద్ధతిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. సగం అల్లిన బ్రేస్‌లెట్లను పూర్తి చేసి తెమ్మని ఒక శుక్రవారం ఇంటికి పంపాం. సోమవారం చాలావరకు చక్కగా, షాపులో కొన్నట్టు వచ్చాయి. "ఈ ముడి ఎలా వేశావు?" అని అడిగితే జవాబు లేదు. "మమ్మీ వేసింది మిస్", "అక్క వేసింది మిస్" అన్నారు కొందరు. మీరు ప్రేమతోనే చేశారు. పిల్లవాడు నలుగురిలో చిన్నబోకూడదనే చేశారు. కానీ వాడు నేర్చుకోవాల్సింది మీ చేతులు నేర్చుకున్నాయి.

మిమ్మల్ని అనే ముందు నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎగ్జిబిషన్ ముందురోజు ఒక అబ్బాయి బ్రేస్‌లెట్‌లో మూడోముడి వంకరగా ఉందని నేనే విప్పి సరిచేసి పెట్టాను. ఎగ్జిబిషన్ అయ్యాక అందరూ ఎవరివి వాళ్లు తీసుకెళ్లారు. వాడిది మాత్రం టేబుల్ మీదే ఉండిపోయింది. పిలిచి ఇస్తే "అది నాది కాదు మిస్" అన్నాడు. నాకు సిగ్గేసింది. తర్వాతి వారం కొత్త దారం ఇచ్చి పక్కన కూర్చున్నాను, చెయ్యి పెట్టలేదు. రెండు పీరియడ్లు పట్టింది. అందులో ఇప్పటికీ ఒకచోట దారం తప్పుగానే దాటింది. వాడు దాన్ని ఇంటికి కట్టుకెళ్లాడు.

అందుకే మీకు నా విన్నపం. ఆదివారం ఒక ఇరవై నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. దారం కొనక్కర్లేదు. రెండు రంగుల షూ లేసులు చాలు, ఏ దారం ఎటు పోతోందో స్పష్టంగా తెలుస్తుంది. ముడిని ముందు వెడల్పుగా పరిచి, 8 చోట్లా చూసుకున్నాకే బిగించమనండి. తప్పు మీకు కనిపించినా చూపించకండి. "మొదటినుంచి లెక్కపెట్టు" అనండి చాలు. చిక్కుపడితే కత్తెర ఇవ్వకండి, విప్పమనండి. నైలాన్ దారం వాడితే కొసల్ని కాల్చి అతికించే పని మాత్రం పెద్దవాళ్లే చేయండి.

పరీక్షల వారంలో ఈ పీరియడ్ ఉండదు, ఆ విషయంలో మీ ఆందోళన నాకు అర్థమైంది. మిగతా వారాల్లో మాత్రం ఈ ఒక్క పీరియడ్‌ను పిల్లలకు వదిలేయండి. రేపు ఏదో ఒక లెక్క తప్పుతుంది, ఏదో ఒక పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ఆరోజు కాగితం చింపేయకుండా, వెనక్కి వెళ్లి తప్పెక్కడ జరిగిందో చూసుకునే ఓపిక వాళ్లకు కావాలి. ఆ ఓపికను మీరూ నేనూ వాళ్ల తరఫున తెచ్చిపెట్టలేం.

వచ్చే మీటింగ్‌కు మీ పిల్లల చేతికి వంకర బ్రేస్‌లెట్ కనిపిస్తే నాకు చూపించండి. సంతోషిస్తాను.